మంచు కరిగే వేళ

వసంతం కోసం ఎదురుచూడని వాళ్ళెవరు చెప్పండి! మన కవులైతే సగం సిరా దానికే ఖర్చు పెట్టారు. మామిడి చిగురూ, కోయిలా లేని ప్రబంధం వుంటుందా? కాని నిజం చెప్పుకోవాలంటే మన వైపు శిశిరానికి అంత కోరలు లేవు. సంక్రాంతి ముగ్గు వేసేటప్పుడు వేళ్ళు కాస్త కొంకర్లు పోతాయి. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుంది. ఆ తర్వాత మనం ఎదురుచూసేది వసంతం కోసమా, కొత్త ఆవకాయ కోసమా అన్నది ఎవరి మనసుకి వారికే తెలియాలి.

వసంతం కోసం ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఎదురుచూసిన వూరొకటి వుంది. ఎదురుచూస్తూనే, అది వస్తే ఏమవుతుందోనని గుండెలు దడదడలాడించుకున్న వూరు కూడా అదే. ఆ రోజుల్లో దాని పేరు లెనిన్‌గ్రాడ్. 1991 నుంచి మళ్ళీ పాత పేరుతో సెంట్ పీటర్స్‌బర్గ్ అంటున్నారు.

నా చిన్నప్పుడు మా ఇంటి అలమరలో మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు ఒక వరసంతా వుండేవి. మంచి కాగితం, గట్టి అట్ట, చవక ధర. మీ ఇళ్ళల్లోనూ వుండే వుంటాయి. ఆ పుస్తకాలతోనే ‘మంచు’ అన్న మాటకి మన తులసికోట మీద పొద్దున్న కనిపించే తడి కాక మరో అర్థం వుందని తెలిసింది. తర్వాత బి.ఏ.లో చరిత్ర తీసుకున్నాను. అక్కడ లెనిన్‌గ్రాడ్ ముట్టడి అంటే ఒక పేరా. రెండు తేదీలు, ముగ్గురు సేనానులు. నీళ్ళెవరు మోశారు, పొయ్యి ఎవరు వెలిగించారు అన్నది ప్రశ్నపత్రంలో రాదు కదా!

1941 జూన్ 22న జర్మన్లు సోవియట్ దేశం మీద పడ్డారు. సెప్టెంబరు 8 నాటికి లెనిన్‌గ్రాడ్‌కి నేల మీది దారులన్నీ మూసుకుపోయాయి. దక్షిణాన జర్మన్లు, ఉత్తరాన ఫిన్‌లండు సైన్యం. మధ్యలో ఇంచుమించు 25 లక్షల మంది జనం, వాళ్ళలో 4 లక్షల మంది పిల్లలు. అదే రోజు బాంబులు పడి బదాయెవ్ గిడ్డంగులు తగలబడ్డాయి. పిండీ, పంచదారా నిలవ చేసిన గిడ్డంగులవి. పంచదార కరిగి పాకమై నేలలోకి ఇంకిపోయింది. తర్వాత జనం ఆ మట్టిని తవ్వుకుని, నీళ్ళలో కలిపి, వడగట్టి తాగారు. బజారులో ఆ తీపి మట్టిని అమ్మారు కూడా! వూరిని యుద్ధం చేసి గెలవటం కంటే పస్తులుపెట్టి చంపటం సులువని హిట్లర్ తీర్మానించుకున్నాడు.

ఆ ఏడు చలి తొందరగా వచ్చింది. పాదరసం సున్నాకి దిగువ 30 డిగ్రీల దాకా జారిన రోజులున్నాయి. కరెంటు పోయింది. కుళాయిలు గడ్డకట్టాయి. డిసెంబరు 8న ట్రాములు ఎక్కడివక్కడ ఆగిపోయి మంచులో కూరుకుపోయాయి. ఇంట్లో రేకు పొయ్యి పెట్టుకుని, దాని గొట్టం కిటికీలోంచి బయటికి వదిలి, ముందు కుర్చీలూ బల్లలూ, తర్వాత పుస్తకాలూ అందులో వేసి కాల్చుకున్నారు. ఏ పుస్తకం ముందు వెయ్యాలి, ఏది చివరికి దాచుకోవాలి అని తర్జనభర్జన పడ్డ ఇళ్ళు ఎన్నో!

రొట్టె సంగతి చెప్పాలి. నవంబరు 20 నుంచి డిసెంబరు 25 దాకా కార్మికుడికి రోజుకి 250 గ్రాములు. మిగతా అందరికీ 125 గ్రాములు. అరచేతిలో ఇమిడిపోయే ముక్క. అదైనా అచ్చమైన పిండిదా? పత్తిగింజల చెక్క, కాగితం చేసే కలపపీచు, ఇంకా ఏవేవో కలిపి కాల్చిన తడిముద్ద.

ఇక్కడొక మాట మనవాళ్ళంతా ఆగి చదవాలి. రేషను కార్డుల్లో తరగతులుండేవి. కార్మికులు, ఉద్యోగులు, పిల్లలు, ‘ఆధారపడినవాళ్ళు’. ఇంటి ఇల్లాలు ఏ తరగతిలోకి వస్తుందంటారు? ఆధారపడినవాళ్ళలోకి! తెల్లవారుజామున మూడింటికి లేచి రొట్టె దుకాణం ముందు మంచులో నిలబడేది ఆవిడ. నేవా నది మీద మంచుకి వేసిన కన్నంలోంచి బకెట్టుతో నీళ్ళు తోడి, స్లెడ్జి మీద లాక్కొచ్చి, గడ్డకట్టి జారుడుబల్లలైపోయిన మెట్లమీదుగా పై అంతస్తుకి మోసేది ఆవిడ. పొయ్యిలోకి చితుకులు ఏరేది, మంచాన పడ్డ అత్తగారికి గంజి పట్టేది ఆవిడే. ఆవిడ అందరి మీదా ఆధారపడి వుందట! ఆ కార్డుని ఆ వూళ్ళో చావుకార్డు అనేవాళ్ళు. కార్మికుల కార్డు కోసం ఎంతోమంది ఆడవాళ్ళు కార్ఖానాల్లో పనికి వెళ్ళారు. జనాభా లెక్కలవాళ్ళు వచ్చినప్పుడు ‘హౌస్‌వైఫ్’ పక్కన ఏం రాస్తారో చూసినవాళ్ళకి ఈ సంగతి మరీ వింతగా అనిపించదేమో.

అందులోంచి పిల్లవాడికి ఒక ముక్క విరిచి దాచిపెట్టే తల్లి తనకేం మిగుల్చుకుంటుంది? ఆ చలికాలంలో ముందు రాలిపోయింది మగవాళ్ళు. వొంట్లో కొవ్వు తక్కువ కాబట్టి ఆకలికి తొందరగా లొంగిపోయారు. ఆడవాళ్ళు కొంచెం ఆలస్యంగా. పిల్లలు ఆడుకునే స్లెడ్జిల మీద, దుప్పటి చుట్టిన మనుషులు శ్మశానానికి వెళ్ళారు. లాగేవాళ్ళకి ఓపిక లేక, దారిలోనే వదిలేసినవి కొన్ని.

రేడియో మాత్రం పలికేది. కార్యక్రమం లేని సమయంలో మెట్రోనోము చప్పుడు వినిపించేవాళ్ళు. నింపాదిగా కొట్టుకుంటే విమానాలు లేనట్టు, గబగబా కొట్టుకుంటే వస్తున్నట్టు. వూరి గుండె ఆగలేదని అది గుర్తు. ఓల్గా బెర్గ్‌హోల్త్స్ అనే కవయిత్రి రేడియోలో మాట్లాడేది. 1942 జనవరి 29న ఆవిడ భర్త ఆకలితో పోయాడు. ఆవిడ మైకు ముందుకి రావటం మానలేదు.

జంతుప్రదర్శనశాలలో మరో ఆడమనిషి కథ వుంది. ఆవిడ పేరు యెవ్దోకియా దాషినా. ఆవిడ చూసుకునేది ఒక నీటిగుర్రాన్ని. పేరు క్రసావిత్సా, అంటే సుందరి అని అర్థం! ఎవరు పెట్టారో గాని మహానుభావులు. నీళ్ళు లేకపోతే నీటిగుర్రం చర్మం పగిలి నెత్తురు కారుతుంది. దాని తొట్టి ఎండిపోయింది. దాషినా రోజూ నేవా నుంచి స్లెడ్జి మీద పీపాతో నీళ్ళు లాక్కొచ్చి, వెచ్చచేసి, దాని వొళ్ళు తుడిచి, కర్పూరతైలం రాసేది. రంపపు పొట్టు ఆవిరిమీద వుడికించి, అందులో కాస్త గడ్డీ, కూరముక్కలూ కలిపి మేతగా పెట్టేవాళ్ళు. విమానాలు వస్తే అది భయంతో తొట్టి అడుక్కి దూరేదనీ, ఆవిడ పక్కన కూర్చుని నిమిరేదనీ చెప్పుకుంటారు. అక్కడి ఏనుగు బెట్టీ మాత్రం ముట్టడి మొదలైన నాడే బాంబుకి బలైపోయింది.

మరి ఇంత కష్టంలో వసంతం వస్తోందంటే సంతోషించక భయం ఎందుకూ అంటారా? ఆలోచించండి. మురుగుకాలవలు పనిచెయ్యక నాలుగు నెలల చెత్తా, మలమూత్రాలూ పెరళ్ళలో, మెట్ల కింద పేరుకుపోయి గడ్డకట్టి వున్నాయి. ఆ మంచు కింద పాతిపెట్టని శవాలూ వున్నాయి. చలి ఎంత క్రూరమైనదైనా ఆ పెంటనంతా రాయిలా పట్టి వుంచింది. ఎండ వస్తే అదంతా కరుగుతుంది. కలరా, టైఫాయిడు లాంటివి పట్టుకుంటే వొంట్లో నెత్తురు లేని జనం ఎలా తట్టుకుంటారు?

రెండో భయం ఇంకా పెద్దది. వూరికి తిండి వచ్చే దారి లదోగా సరస్సు. నవంబరు 22న ఆ గడ్డకట్టిన సరస్సు మీదుగా మొదటి లారీలు నడిచాయి. మంచు పగిలితే లారీ లారీ మునిగిపోయేది. డ్రైవర్లు ఎప్పుడైనా దూకెయ్యటానికి వీలుగా తలుపు తెరిచి నడిపేవాళ్ళు, ఆ చలిలో! ఆ మంచుదారి పుణ్యమా అని డిసెంబరు 25న రొట్టె కొలత పెరిగింది. కార్మికులకి 350, మిగిలినవాళ్ళకి 200 గ్రాములు. ఆ పొద్దున దుకాణం దగ్గర జనం ఒకరినొకరు కావిలించుకుని ఏడ్చారట. జనవరిలో మళ్ళీ పెరిగింది, ఫిబ్రవరిలో మరోసారి. ఇప్పుడు ఎండ వస్తే వొళ్ళు వెచ్చబడుతుంది, దారి కరుగుతుంది. దేన్ని కోరుకోవాలి? కోడలి కాన్పు నాడే కొడుకు ప్రయాణం పడ్డ తల్లిలా వుంది ఆ వూరి పరిస్థితి.

అందుకని ఎండ ముదరకముందే వూరు తుడవాలని తీర్మానించారు. తుడిచే చేతులు ఎవరివి? మగవాళ్ళు కొందరు యుద్ధంలో, కొందరు మట్టిలో. 1942 మార్చి 8, ఆదివారం, ఆ ఏటి మహిళాదినోత్సవం. ఇప్పుడు మనం ఆ రోజున గులాబి పువ్వులూ, చీరల మీద తగ్గింపు ధరలూ చూస్తున్నాం. ఆ వూరి ఆడవాళ్ళు ఆ రోజున గునపాలు పట్టుకుని వీధుల్లోకి వచ్చారు. అది మొదలు. మార్చి 27 నుంచి ఏప్రిల్ 15 దాకా రోజుకి దాదాపు 3 లక్షల మంది ఆ పని చేశారని లెక్క. 12 వేల పెరళ్ళు, 30 లక్షల చదరపు మీటర్ల వీధులు శుభ్రం చేసి, 10 లక్షల టన్నుల చెత్తా మంచూ ఎత్తిపోశారట.

అంకెలు చదివితే ఏదో పెద్ద యంత్రాలు పనిచేసినట్టుంటుంది. పనిచేసింది పాదాలు నీరుపట్టి, పళ్ళచిగుళ్ళు వాచిన ఆడవాళ్ళు. ఒక దెబ్బ వేసి గునపం మీద వాలి ఆయాసం తీర్చుకునేవాళ్ళు. ఒకరు కొడితే ఇద్దరు ఎత్తేవాళ్ళు. బళ్ళు లేవు కాబట్టి పలకచెక్కల మీదా, స్నానం తొట్లలోనూ వేసి, తాళ్ళు కట్టి నదిదాకా లాగారు. ప్రొఫెసరు గారి భార్యా, పాకీపనివాడి భార్యా ఒకే తాడు పట్టుకున్నారు. అంత నీరసంలో నిజంగా అవసరమా అనిపించవచ్చు. కాని అప్పటిదాకా చీకటిగదుల్లో దుప్పట్లు కప్పుకుని పడుకున్నవాళ్ళు లేచి ఎండలోకి రావటానికి అదే కారణమైంది. ఎండలో నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకుని గుర్తుపట్టలేకపోయారట. స్నానశాలలు కొన్ని మళ్ళీ తెరిచారు. నెలల తరబడి వేణ్ణీళ్ళు ఎరగని వొంటికి అదెంత వైభోగమో మనకి ఒకరు చెప్పాలా! భయపడినంత మహమ్మారి రాలేదు.

ఆ మార్చిలోనే మన ఇళ్ళల్లో చిత్రభాను నామ సంవత్సర ఉగాది పచ్చడి కలుపుకున్నారు. మనకీ ఆ వసంతం మరీ చల్లగా గడవలేదనుకోండి. ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. మా అమ్మమ్మ వాళ్ళు కాకినాడ నుంచి బళ్ళు కట్టుకుని పల్లెకి పోయారు. వూరగాయ జాడీలు మాత్రం వదల్లేదని ఆవిడ గర్వంగా చెప్పుకునేది. ఒకే యుద్ధం మరి, ఒక్కొక్క వంటింట్లో ఒక్కొక్క రకంగా కాలు పెట్టింది.

ఏప్రిల్ 15న లెనిన్‌గ్రాడ్‌లో ట్రాము నడిచింది. నాలుగు నెలలు మూగబోయిన గంట మళ్ళీ వీధి మలుపులో మోగింది. జనం దారికి రెండు పక్కలా నిలబడి చప్పట్లు కొట్టారు, ఏడ్చారు. ట్రాము డ్రైవర్లలోనూ ఆడవాళ్ళే ఎక్కువ. వెళ్ళాల్సిన చోటు లేకపోయినా టిక్కెట్టు కొనుక్కుని ఎక్కి కూర్చున్నవాళ్ళున్నారట. కోయిల కూసిందని మనం ఎలా చెవులు రిక్కిస్తామో, ఆ గంట వాళ్ళకి అలాగ. ఏప్రిల్ 24న సరస్సు మీద లారీలు ఆపేశారు. అప్పటికి ఆ దారిన 3 లక్షల 60 వేల టన్నుల సరుకు చేరింది, 5 లక్షల మందికి పైగా వూరు దాటి బతికారు. పడవలు మొదలయ్యేదాకా ఆ నిలవే ఆదుకుంది.

ఇంక మనకి బాగా అర్థమయ్యే భాగానికి వద్దాం. ఆకుకూర! చలికాలమంతా పైన్ చెట్ల సూదుల్లాంటి ఆకులు నానబెట్టి, ఆ చేదునీళ్ళు తాగితే చిగుళ్ళవాపు తగ్గుతుందని డాక్టర్లు తాగించారు. మే నెలలో నేలమీద పచ్చదనం కనిపించగానే వూరు వూరంతా వొంగి ఏరటం మొదలుపెట్టింది. మన దురదగొండిలా చేతికి తగిలితే మంటపుట్టే నెటిల్ ఆకు, పచ్చటి పూల డాండెలియన్, మనం చక్రవర్తికూర అంటామే దాని లాంటి ఆకు. ఏ ఆకు తినొచ్చు, ఏది విషం, ఎలా వండాలి అని వృక్షశాస్త్రం పండితులు కరపత్రాలు అచ్చువేశారు, ఉపన్యాసాలిచ్చారు. భోజనశాలల్లో నెటిల్ పులుసు పోశారు. కలుపు అని పీకి పారేసేదాన్ని కళ్ళకద్దుకుని తిన్నారు.

ప్రసిద్ధమైన హెర్మిటేజ్ మ్యూజియంలో వసంతం మరో రకంగా వచ్చింది. బొమ్మల్లో చాలా భాగం ముందే రైళ్ళలో పంపించేశారు. పగిలిన కిటికీల్లోంచి పడ్డ మంచు రాజుల గదుల్లో కుప్పలైంది. అది కరిగింది, గొట్టాలు పగిలాయి. పింగాణీ దాచిన నేలమాళిగలోకి నీళ్ళు వచ్చాయి. అక్కడ పనిచేసే ఆడవాళ్ళు చీకట్లో నీళ్ళలోకి దిగి, పాదాలతో తడుముతూ, ఒక్కొక్క పాత్రా పగలకుండా పైకి తీశారు. తడిసి బూజు పట్టిన పట్టు కుర్చీలన్నీ బయట ఎండలో పరిచి దులిపారు. ఎండాకాలం రాగానే పరుపులూ, పట్టుచీరలూ మేడమీద ఎండేసుకునే మనకి ఆ దృశ్యం పరాయిగా తోస్తుందా? జార్ చక్రవర్తిదైతేనేం, పట్టుకి బూజు బూజే!

సెంట్ ఐజాక్ కూడలిలో మరో భవనం వుంది. ప్రపంచమంతా తిరిగి నికొలాయ్ వావిలోవ్ అనే శాస్త్రవేత్త పోగుచేసిన విత్తనాల సంస్థ అది. వరి, గోధుమ, వేరుశనగ, చిక్కుళ్ళు, బంగాళాదుంపలు, లక్షల పొట్లాలు. ఆకలితో మాడే వూరి నడిబొడ్డున బస్తాలకొద్దీ తిండి! ద్మీత్రీ ఇవానొవ్ అనే ఆయన వరి నిపుణుడు. వేల వరి పొట్లాల మధ్య ఆకలితో ప్రాణం వదిలాడు. అలెక్సాండర్ షూకిన్ వేరుశనగ నిపుణుడు, బల్ల దగ్గర కూర్చునే పోయాడు. విత్తనం ముట్టుకోలేదు. బంగాళాదుంపలు గడ్డకడితే మొలకెత్తవని నేలమాళిగలో పొయ్యి ఆరకుండా చూసుకుంటూ కూర్చున్నవాళ్ళలో ఓల్గా వొస్క్రెసెన్‌స్కయా అనే ఆవిడ ఒకరు. వసంతం రాగానే ఆ దుంపల్ని పాతారు.

నేను చిన్నప్పుడు చదివిన ఆ అందమైన పుస్తకాలు ఒక మాట మింగేశాయి. ఈ విత్తనాలన్నీ పోగుచేసిన వావిలోవ్‌ని 1940లోనే స్టాలిన్ ప్రభుత్వం అరెస్టు చేసింది. తన శిష్యులు విత్తనాలకి కాపలా కాస్తూ పస్తులతో పోతుంటే, ఆయన జైల్లో క్షీణించి 1943 జనవరి 26న సరాతోవ్‌లో చనిపోయాడు. ముట్టడి జ్ఞాపకంగా వూరివాళ్ళు పెట్టుకున్న మ్యూజియాన్ని కూడా 1949లో మూసేశారు. మళ్ళీ తెరుచుకున్నది 1989లో. వీరత్వం గురించి చెప్పమన్నారు గాని, ఆకలి గురించి ఎక్కువ మాట్లాడనివ్వలేదు. ఏ ప్రభుత్వమైనా తన ప్రజల కన్నీళ్ళకి కొలత నిర్ణయిస్తే నాకు వొళ్ళు మండుతుంది.

వసంతం వచ్చింది కదా, ఇంక చావులు ఆగాయా అంటే, లేదు. వొకసారి వొట్టిపోయిన శరీరం రొట్టె పెరిగినంత మాత్రాన నిలబడదు. తాన్యా సవిచెవా అని పన్నెండేళ్ళ పిల్ల. అక్కయ్య ఫోను నంబర్లు రాసుకునే చిన్న పుస్తకంలో, ఒక్కొక్క అక్షరం పేజీ మీద ఇంట్లో పోయినవాళ్ళ పేరు, తేదీ, గంట రాసిపెట్టింది. అక్కయ్య డిసెంబరులో. అమ్మమ్మ జనవరిలో. అన్నయ్య మార్చి 17న. నాన్న అన్నదమ్ముల్లో ఒకరు ఏప్రిల్ 13న, ట్రాము నడవటానికి రెండు రోజుల ముందు. ఇంకొకరు మే 10న. అమ్మ మే 13న, పొద్దున్న ఏడున్నరకి. అప్పటికి వీధుల్లో ఆకుకూరలు ఏరుతున్నారు. తాన్యాని వూరు దాటించారు గాని, ఆ పిల్ల 1944 జూలై 1న చనిపోయింది. ముట్టడి పూర్తిగా తొలగిన 1944 జనవరి 27 నాటికి 872 రోజులు గడిచాయి. పోయినవాళ్ళు ఆరున్నర లక్షలని ఒక లెక్క, పది లక్షలని ఒక లెక్క.

1942 వేసవిలో లెనిన్‌గ్రాడ్‌లో మట్టి కనిపించిన చోటల్లా తవ్వారు. పార్కులు, పూలమళ్ళు, సైనికులు కవాతు చేసే మైదానం, అన్నీ కూరమళ్ళయ్యాయి. సెంట్ ఐజాక్ చర్చి ఎదుట, ఆ విత్తనాల భవనం వున్న కూడలిలోనే, కాబేజీ వేశారు. అక్కడ తీసిన ఫోటో ఒకటి చాలాచోట్ల అచ్చయింది, మీరూ చూసే వుంటారు. వెనక ఆ బ్రహ్మాండమైన గుమ్మటం, రాతి స్తంభాలు. ముందు ఆడవాళ్ళు నడుం వొంచి కాబేజీలు కోస్తూ. గడ్డలు బాగా వూరాయి. వొక్కొక్కటీ రెండు చేతులతో ఎత్తాల్సినంత వుంది.